ఆటవిడుపు: వెనుదిరిగి చూసిన చూపు

గత ఆదివారం డిండోలిలోని ఖాళీ మైదానంలో మన సిబ్బంది రెండు జట్లుగా ఏర్పడి ఆడిన క్రికెట్ పోటీకి అంపైరుగా నిలబడే భాగ్యం మాకు కలిగినది. భాగ్యమని మర్యాద కొరకు అంటున్నాము. మరమగ్గాల పనికి తెలంగాణ జిల్లాల నుండి వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన కుటుంబాల పిల్లలు గట్టున కూర్చొని ఇరుపక్షాలకూ సమానంగా ఈలలు వేయుచుండిరి.

చివరి ఓవరు. చేతిలో ఒక్క వికెట్, కావలసినవి రెండు పరుగులు. బ్యాటు పట్టినవారు మా విభాగాధిపతి. బంతి బ్యాటుకు అందక వికెట్ కీపరు ముందు పడినది. ఆయన పరుగందుకొని మా వైపు వచ్చుచుండగా కీపరు మా కొసనున్న స్టంపులకు గురిచూసి విసిరినాడు. బంతి ఆయన భుజానికి తగిలి పక్కకు పోయినది. పదకొండుగురూ ఒక్కసారిగా అరిచినారు.

ఇందులో చిక్కేమిటో గృహిణులకు, పిల్లలకు కూడా తెలియునట్లు చెప్పెదము. పరుగెత్తువానికి బంతి తగిలినంత మాత్రాన అది నేరం కాదు. కావాలని అడ్డుపడినప్పుడే అతడు ఔటు. క్రికెట్ నిబంధనలలో 37వది దీనికే ఉద్దేశింపబడినది. దెబ్బ తగలకుండా తప్పుకొనుటకు చేసిన కదలికకు దోషం లేదు. అనగా అంపైరు చూడవలసినది బంతిని కాదు, మనస్సును! రెప్పపాటులో మనస్సును చదువుమన్న ఈ నిబంధన కొంచెం క్రూరమైనదే అని మా అభిప్రాయం.

పెద్ద ఆటగాళ్ళు సైతం దీనికి చిక్కినారు. మన పొరుగున అహ్మదాబాదులోనే, 1989 అక్టోబరులో శ్రీలంకతో జరిగిన ఒకరోజు పోటీలో మొహిందర్ అమర్‌నాథ్ రనౌట్ తప్పించుకొనుటకు బంతిని కాలితో తన్ని ఔటైనారు. అది సులభమైన తీర్పు. కాలు కదిలినది అందరికీ కనబడినది. 1987లో కరాచీలో రమీజ్ రాజా నూరవ పరుగు కొరకు ఆరాటపడి, వచ్చుచున్న బంతిని బ్యాటుతో నెట్టి 99 వద్ద వెనుదిరిగినారు.

కష్టమైనది విశాఖపట్నంలో జరిగినది. 2019 మే 8న ఐ.పి.ఎల్. ఎలిమినేటరులో హైదరాబాదు సన్‌రైజర్స్‌పై ఢిల్లీకి చివరి ఓవరులో కొద్ది పరుగులే కావలసియుండెను. అమిత్ మిశ్రా పరుగెత్తుచు దారి మార్చగా, ఖలీల్ అహ్మద్ విసిరిన బంతి ఆయనకు తగిలినది. మూడవ అంపైరు తెరపై తిప్పి తిప్పి చూసి ఔటని తేల్చినారు. మరు బంతికే కీమో పాల్ ఫోరు కొట్టుటచే ఢిల్లీ రెండు వికెట్ల తేడాతో నెగ్గినది గాని, లేకున్న మన తెలుగునాట ఆ తీర్పుపై నేటికీ వాదం నడుచుచుండెడిది.

అమెరికావారి బేస్‌బాలులోనూ ఇదే తంటా. అక్కడ కొట్టిన బంతిని పట్టబోవు ఫీల్డరుకు పరుగెత్తువాడు అడ్డు వచ్చిన, ఉద్దేశంతో పని లేకయే ఔటు. విసిరిన బంతి విషయంలో మాత్రం ఉద్దేశం చూచెదరు. ఇంత వివరంగా వ్రాసికొన్నను, 1975 వరల్డ్ సిరీస్ మూడవ ఆటలో సిన్సినాటి ఆటగాడు ఎడ్ ఆర్మ్‌బ్రిస్టర్ బంతిని మెల్లగా తాకించి, బాస్టన్ క్యాచరు కార్ల్‌టన్ ఫిస్క్‌తో ఢీకొన్నప్పుడు అంపైరు లారీ బార్నెట్ అది అడ్డగింపు కాదన్నారు. ఫిస్క్ విసురు గురి తప్పినది. సిన్సినాటి 6-5తో గెలిచినది. బార్నెట్‌కు బెదిరింపులు సైతం వచ్చినవి.

మాకు బెదిరింపులేవీ రాలేదు. తెర లేదు, మూడవ అంపైరూ లేరు. ఉన్నది ఒక్కటే: పరుగు మధ్యలో విభాగాధిపతిగారు ఒకసారి తల త్రిప్పి, బంతి వచ్చు వైపు చూసి, ఆపైన పిచ్ మధ్యకు జరుగుట మేము కనులారా చూసితిమి. చూసియు "నాటౌట్" అంటిమి. ఆ చెప్పుటలో క్రికెట్ ఎంత, మా వార్షిక నివేదిక ఎంత అని అడిగిన, సమాధానం చెప్పజాలము. తరువాతి బంతికి ఆయన జట్టు గెలిచినది. ఓడినవారు చేతులు కలిపినారే గాని మా ముఖం చూడలేదు.

టీ త్రాగునప్పుడు విభాగాధిపతిగారే మా వద్దకు వచ్చి, "ఏమండీ, నేను వెనక్కి చూసిన సంగతి మీరు గమనించలేదా?" అని నెమ్మదిగా అడిగినారు.

"గమనించామండి" అంటిమి.

ఆయన గ్లాసు క్రింద పెట్టి, కీపరుగా నిలిచిన కుర్రవాని వద్దకు వెళ్ళి ఏదో చెప్పినారు. వినబడలేదు. ఆ కుర్రవాడు మాత్రం మొదట మా వైపు చూసి, పిదప నవ్వినాడు. వచ్చే ఆదివారం మరల ఆట ఉన్నది. అంపైరుగా మా పేరే వ్రాసినారు.