పసివారి ఆహారము - న్యాయస్థానము

పసిబిడ్డ తన నోటికి అందించిన ముద్ద మంచిదా, చెడ్డదా అని అడుగజాలదు. తల్లి అడుగగలదు గాని, ఆమెకును సీసము కంటికి కానరాదు, నాలుకకు తెలియదు. కనుక ఆ ప్రశ్న వేయవలసిన భారము చట్టముపై పడుచున్నది. మన చట్టము ఆ భారమును ఎట్లు మోయుచున్నదో విచారింతము.

2014లో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో సేకరించిన మ్యాగీ నూడుల్సులో పది లక్షల పాళ్లకు 17.2 పాళ్ల సీసమున్నదని కోల్‌కతా ప్రయోగశాల తెలిపినది. పరిమితి 2.5 పాళ్లు. 2015 జూన్‌లో దేశమంతట అమ్మకము నిలిపివేయబడినది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు, పరీక్షించిన ప్రయోగశాలలకు చట్టము కోరు గుర్తింపు లేదని ఆ నిషేధమును కొట్టివేసినది. హైదరాబాదు, మొహాలీ, జైపూరులలో మరల పరీక్షింపగా సీసము పరిమితికి లోబడియే ఉన్నట్లు తేలినది. వినియోగదారుల పక్షమున కేంద్ర ప్రభుత్వము వేసిన 640 కోట్ల రూపాయల దావాను 2024లో జాతీయ వినియోగదారుల కమిషన్ త్రోసిపుచ్చినది. పరీక్ష నమ్మదగినది కానిచో అటు వ్యాపారికి న్యాయము లేదు, ఇటు బిడ్డకు రక్షణ లేదు.

అమెరికాలో 2021లో ప్రతినిధుల సభ ఉపసంఘమొకటి, కంపెనీల సొంత పత్రములనే పరిశీలించి, పసివారి ఆహారములో సీసము, ఆర్సెనిక్, కాడ్మియము, పాదరసము ఉన్నవని ప్రకటించినది. తల్లిదండ్రులు దావాలు వేసిరి. అయితే ఈ ఆహారము వలననే ఈ బిడ్డకు ఈ హాని కలిగినదని ఋజువు చేయుట సామాన్యము కాదు. కాలిఫోర్నియా రాష్ట్రము ముందుచూపుతో వేరొక మార్గము త్రొక్కినది. 2024 నుండి తయారీదారులు నెలకొకసారియైనను పరీక్షింపవలెను. 2025 నుండి ఫలితములను ప్రజలకు వెల్లడింపవలెను.

ఇది మన అనంతపురమునకు దూరపు మాట కాదు. సీసమునకు హానిలేని మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పెద్దలకంటె పసివారి శరీరము దానిని నాలుగైదు రెట్లు అధికముగా గ్రహించును. ఇనుము, సున్నము చాలని బిడ్డ మరింత గ్రహించును. వానలు తప్పి, పంట పోయి, అరకొర తిండితో పెరుగు బిడ్డకు, నిండుగా తిను బిడ్డకంటె అదే ముద్ద ఎక్కువ కీడు చేయునన్నమాట. రాగిజావ ఉండగా డబ్బా ఆహారమేల అని కొందరందురు. కూలికై బెంగుళూరు పోవు తల్లికి ఆ తీరిక ఏదీ? పైగా వరి సైతము నేలనుండి, నీటినుండి ఆర్సెనిక్‌ను పీల్చుకొనును. ఇంటి వంటయైనను పరీక్షకు అతీతము కాదు.

దెబ్బతిన్న మెదడును ఏ నష్టపరిహారమును తిరిగి తేజాలదు. కావున దావాకు ముందే పరీక్ష, పరీక్ష వెంటనే ప్రకటన ఉండవలెనని మా అభిప్రాయము. అట్టి చట్టమును మన ప్రభుత్వములును చేయవలెను.

విద్యార్థులారా! అంతవరకు మన చేతిలో ఒక హక్కు కలదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టము 40వ సెక్షను ప్రకారము, కొన్నవారెవరైనను రుసుము చెల్లించి ఆహారమును పరీక్షింపజేయవచ్చును. కొనునపుడే ఆ సంగతి విక్రేతకు తెలుపవలెను. దోషము తేలినచో రుసుము తిరిగి వచ్చును. ఏటేట కొన్ని నమూనాలకు ఆ రుసుమును మన కళాశాల పాలకసంఘము భరించి, రసాయనశాస్త్ర విద్యార్థులకు ఆ పని అప్పగింపవలెనని కోరుచున్నాము. వ్యయము స్వల్పము, ప్రయోజనము అడుగజాలని బిడ్డలది.