ఓటులేని బడి పక్షమున

సంఘముగా కూడుట ఉద్యోగి హక్కు. ఓటు వేయుట పౌరుని హక్కు. ఈ రెండును ఒకే వ్యక్తియందు కలిసినపుడు, ఆ ఓటు ఎవరి మేలు కోరి పడవలెనను ప్రశ్న పుట్టుచున్నది. ప్రజాసేవలో నున్న ఉద్యోగుల సంఘములు ఎన్నికల వేళ సభ్యులకు కర్తవ్యబోధ చేయుట అనేక దేశములలో వాడుకైన పద్ధతి. దానిని స్వార్థమనువారు కలరు, సహజమనువారును కలరు. సిద్దిపేట ఉపాధ్యాయులకు మాత్రము ఇది అనుభవములో నున్న విషయము.

2025 ఫిబ్రవరి 27వ తేదీన మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ ఉపాధ్యాయ నియోజకవర్గమునకు శాసనమండలి ఎన్నిక జరిగినది. సిద్దిపేట ఆ నియోజకవర్గములోనిదే. సుమారు 27 వేలమంది ఉపాధ్యాయులు అందు ఓటర్లు. నాడే ఎన్నిక జరిగిన వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానమున పి.ఆర్.టి.యు. అభ్యర్థి గెలిచెను; 2019లో అచ్చట విజయము యు.టి.ఎఫ్. బలపరచిన అభ్యర్థిది. సంఘము మాటకు బలము కలదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. ఆ బలము దేనికి వినియోగపడవలెననునదే విచారింపదగిన సంగతి.

రాజ్యాంగము 171వ అధికరణము శాసనమండలి సభ్యులలో పండ్రెండవ వంతును ఉపాధ్యాయులు ఎన్నుకొనవలెనని విధించినది. 40 మంది సభ్యులుగల తెలంగాణ మండలిలో ఆ స్థానములు మూడు. అయితే ఈ ఓటు మాధ్యమిక పాఠశాల స్థాయికి తక్కువ కాని విద్యాసంస్థలలో కనీసము మూడేండ్లు బోధించినవారికే లభించును. అక్షరములు దిద్దించు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయునికి ఇందు ఓటు లేదు. పలక పట్టిన బాలునికి ఏ ఎన్నికయందును లేదు. ఆ బాలుని కూలికి పోవు తల్లికి శాసనసభ ఎన్నికలో ఓటున్నను, ఈ ఎన్నికలో లేదు. కావున ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు వేయు ఓటు అతని సొంత ఆస్తి కాదు. ఓటులేని ఇందరి తరఫున అతని చేతికి వచ్చిన బాధ్యత.

ఉపాధ్యాయుల కోర్కెలు న్యాయమైనవే. 2004 సెప్టెంబరు 1 నుండి కొలువులో చేరినవారికి పాత పింఛను విధానము లేకపోయెను. ముప్పది యేండ్లు పాఠము చెప్పినవాడు ముదిమిలో నిశ్చింత కోరుట దోషము కాదు. వేతన సవరణ సకాలమున జరుగవలెననుటయు దోషము కాదు. కాని సంఘము కరపత్రమున ఈ రెండే ఉండి బడి ఊసు లేనిచో, ప్రజలు దానిని జీతగాండ్ర కూటమిగానే తలతురు.

బడి ఊసు ఏమని అడుగవచ్చును. 2017లో 8,792 ఉపాధ్యాయ ఖాళీలకు ప్రకటన వెలువడినది. ఆ తరువాతి నియామకములు 11,062 ఖాళీల ప్రకటనను అనుసరించి 2024లో జరిగినవి. ఈ నడుమ ఒకటవ తరగతిలో చేరిన పిల్లలు ఉన్నత పాఠశాలకు చేరిరి. ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులను ఒక గదిలో కూర్చుండబెట్టి నెట్టుకొని వచ్చిన బడులలో, ఆ పిల్లలు పోగొట్టుకొన్న చదువును ఏ వేతన సవరణయు తిరిగి తేజాలదు.

ప్రజలకు ప్రభుత్వ బడిపై విశ్వాసము చచ్చినదనుట సరికాదు. సిద్దిపేట ఇందిరానగర్ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పిల్లలను చేర్పింప తలిదండ్రులు పోటీపడగా, ఖాళీలు లేవని ఫలకము కట్టవలసి వచ్చిన సంవత్సరములున్నవి. బడి బాగుగా నడచినచోట జనము దానిని వెదకికొని వత్తురు. సంఘము బడి పక్షమున నిలిచినచోట జనము సంఘము పక్షమున నిలుతురు. 2012 సెప్టెంబరులో అమెరికాలోని చికాగో నగర ఉపాధ్యాయులు సమ్మె చేసినపుడు, వేతనములతోపాటు చిత్రకళ, సంగీతము నేర్పువారు ప్రతి బడికిని కావలెనని కోరిరి. చదువు ఆగినను తలిదండ్రులలో పెక్కుమంది వారినే సమర్థించిరి.

సంఘము సలహా చెప్పవచ్చును; శాసింపరాదు. రహస్య ఓటు ఏర్పడినది అందులకే. కులమును చూపి గాని, విందునకు పిలిచి గాని అడిగిన ఓటు ఉపాధ్యాయుని గౌరవమునకు భంగము. అభ్యర్థి ఎవరైనను, ఏ పక్షమువాడైనను, సంఘము అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ప్రాథమిక పాఠశాలలో తరగతికొక ఉపాధ్యాయుని కొరకు మండలిలో మాటలాడుదువా? ఖాళీలు ఏటేట నింపుటకు పట్టుబట్టుదువా? బాలికల మరుగుదొడ్లకు నీరు, మధ్యాహ్న భోజనము వండు స్త్రీలకు నెలనెల తప్పని వేతనము నీ పట్టికలో ఏ స్థానమున నున్నవి?

ఈ ఎన్నికలో ఓటరు అభ్యర్థుల పేర్లకెదురుగ ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యక్రమము వ్రాయును. సంఘములును తమ కోర్కెలకు అట్టి క్రమము వ్రాసికొనవలెను. బడికి మొదటి అంకె వేసిన సంఘము తన సభ్యుల జీతము, పింఛనుల కొరకు పోరాడునపుడు ఊరు దానికి తోడుగా వచ్చును. మండలి సభ్యుని పదవీకాలము ఆరేండ్లు; ఒక బాలుడు ఆరవ తరగతి నుండి పదవ తరగతి దాటుటకు అంత కాలము పట్టదు. తరువాతి ఎన్నిక వచ్చువరకు ఆ బాలుడు వేచియుండడు. సంఘములు తమ క్రమమును నేడే సరిచూచుకొనుట మేలు.