మా మొదటి దృశ్యనవల: తిరుగవ్రాత

కడచిన రెండు మాసములు ఈ పుటలో మేము కనబడకపోవుటకు కారణమేమని కొందఱు జాబులు వ్రాసిరి. అనారోగ్యము కాదు. మూడేండ్లు శ్రమించి ముగించితిమనుకొన్న పనిని విప్పుకొని కూర్చుంటిమి. కుట్టిన రవికను విప్పి మరల కుట్టుట క్రొత్తది కుట్టుటకంటె కష్టమని మీకు చెప్పనక్కఱలేదు.

ఆ పని యొక దృశ్యనవల. విజువల్ నావెల్ అందురు. కంప్యూటరు తెరమీద వెనుక ఒక ప్రదేశము బొమ్మ, ముందు మాటలాడు మనిషి బొమ్మ, అడుగున ఆ మనిషి మాటలు. నొక్కినకొలది కథ సాగును. నడుమ నడుమ ఆగి, ఇపుడేమి చేయుదువని చదువరినే అడుగును. ఆమె యెన్నుకొన్న త్రోవనుబట్టి తరువాతి కథ. జపాను దేశమున పెరిగిన ప్రక్రియ యిది. 2004లో టామ్ రోథామెల్ అనునాతడు వెలువరించిన రెన్‌పై అను ఉచిత సాధనముతో కథయు, బొమ్మలు, కూర్పు ఒక్కరే చేసికొనవచ్చును. కనుకనే వంటయిల్లు సర్దుకొన్న పిమ్మట గుండుగొలనులో కూర్చుండి మావంటివారును ఇందులో చేయి పెట్టగలిగిరి.

మా ఊరి పేరులోనే కొలనున్నది. దక్షిణముగ పోయినచో కొల్లేటి పల్లెలు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోయు నీరు ఉప్పుటేటిమీదుగ కడలి చేరును. ఆ సరస్సును 1999లో అభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో రామ్సారు జాబితాకెక్కెను. లోపల లేచిన చేపల చెఱువుల గట్లను 2006లో ప్రభుత్వము కొట్టించివేసెను. మా కథ ఆ యేటి వేసవిలో జరుగును. పేరు ‘గట్టు’. కొల్లేటికోట పెద్దింటమ్మ పేరు పెట్టుకొన్న పెద్దింట్లు అను పిల్ల ఇంటర్మీడియటు ముగించి ఏలూరిలో పైచదువు చదువగోరును. తండ్రి సొమ్మంతయు చెఱువులోనున్నది. గట్టు తెగకముందే చేపలు పట్టి అమ్మి, ఆ డబ్బుతో పిల్ల పెండ్లి చేసివేయవలెనని ఆయన తొందర.

ఆశ పెద్దది. పండ్రెండు చోట్ల చదువరికి ఎంపిక ఇవ్వదలచితిమి. ప్రతిచోట రెండు త్రోవలు. మా ఇంటివారు బడిలో లెక్కలు చెప్పుదురు. రెండు, నాలుగు, ఎనిమిది అని గోడనున్న చిన్న నల్లబల్లమీద వేసుకొనుచుపోయి, పండ్రెండవ చోట 4,096 అని వ్రాసి, ఏమియు అనక సుద్దముక్క క్రిందపెట్టి వెడలిరి. అన్ని కథలు ఎవరు వ్రాయగలరు? మేము చేసినది చెప్పుకొన సిగ్గగుచున్నది. త్రోవలను విడదీసినట్లే విడదీసి, నాలుగు వాక్యములలో మరల కలిపివేసితిమి.

ఇంకొక చిక్కు. 2021లో మేము ప్రారంభించునప్పటికి ఆ సాధనమున తెలుగు ఒత్తులు కూడెడివి కావు. అందుచే ఒక్కొక్క సంభాషణను వేఱుగ అచ్చుకొట్టి, బొమ్మగ మార్చి అతికించితిమి. అట్టివి తొమ్మిదివందల పైచిలుకు. అక్షరదోషమొకటి దిద్దవలెనన్నను బొమ్మ మరల చేయవలెను. దిద్దుట కష్టమైనపుడు దిద్దవలసినదేమియు లేదని మనసు తనకుతానే చెప్పుకొనును. 2023లో వెలువడిన 8.1 కూర్పునుండి మన లిపి సరిగ కూడుచున్నది. మండలి అను అక్షరరూపము పెట్టుకొంటిమి. ఇక సాకు లేదు.

మొదట తప్పు పట్టినది మా వీధికి చేపలు తెచ్చునామె. అరుగుమీద గంప దించి నీళ్ళు త్రాగుచుండ, పెద్దింట్లు తండ్రితో మాటలాడు ఘట్టము చదివి వినిపించితిమి. ‘నాయనా! నా విద్యాభిలాషను భగ్నము సేయకుము’ అని మా నాయిక పలికెను.

‘ఆ పిల్లేంటండీ అమ్మగారూ, హరికథ చెప్తంది?’ అన్నదామె.

మేము భారత భాగవతములు తండ్రిగారివద్ద చదువుకొన్నవారము. ఈ శీర్షికయు ఈ భాషలోనే నడుపుచున్నాము, మానము. కాని కొల్లేటి పిల్ల నోట ఆ మాట పెట్టుట మా గొప్ప చూపుకొనుటకే. ఆమె గంప నెత్తికెత్తుకొనుచు ఇంకొక మాటయు అన్నది: ‘మా వైపు ఆడపిల్ల ఆ మాట నాన్నతో అనదండి. ముందు అమ్మతో అంటది.’ తల్లి మా కథలో నాలుగుమాఱులు మాత్రమే మాటలాడును. అందు రెండు, అన్నమునకు రమ్మని పిలుచుట.

రెండవవారు మా అత్తగారు. కండ్లజోడు పెట్టుకొని మూడు మధ్యాహ్నములు మూడు త్రోవల ‘గట్టు’ను చదివిరి. మూడవనాడు జోడు తీసి, ‘ఏది నొక్కినా పెళ్ళిపీటల మీదికేనేంటే?’ అని అడిగిరి. మేము 4,096 లెక్క విప్పి చెప్పబోతిమి. ఆమె వినలేదు. ‘పోనీలే, నన్నూ ఇలాగే అడిగారు. ఇష్టమేనా అని.’ ఆమెను ఎనిమిదవ తరగతిలో మాన్పించి మా మామగారికిచ్చిరని మాకు తెలియును. అడిగిరని మాత్రము ఆనాడే తెలిసినది.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

మా తండ్రిగారు మా చేతికియ్యని పుస్తకము ‘కన్యాశుల్కము’. పెండ్లియైన పిమ్మట చదివితిమి. గురజాడ అప్పారావుగారి ఆ నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చైనది. మెప్పును పొందినది. ఆయన అంతటితో ఊరకుండక, క్రొత్త నాటకమా యనునట్లు తిరుగవ్రాసి 1909లో మరల వెలువరించిరి. నేడు అందఱెఱిగిన మధురవాణి ఆ రెండవ కూర్పులోని మధురవాణియే. మొదటిదానిలో ఆమెకంత చోటు లేదు. పండ్రెండేండ్ల పిమ్మట మొదటి ప్రతి తెఱచినపుడు ఆయనకు మూలనున్న మనిషి కనబడినది కాబోలు. మాకు పెద్దింట్లు తల్లి కనబడినది.

ఎంపికలను పండ్రెండునుండి నాలుగునకు తగ్గించితిమి, ముగింపులు మూడు. త్రోవలు ఇపుడును కలియును, కాని సాధనము గుఱుతు పెట్టుకొనును. కాలేజీ కాగితమును పెద్దింట్లు తల్లికి చూపెనా, బియ్యపుడబ్బాలో దాచెనా యన్నది మొదటి ఎంపిక. రెంటి పిమ్మటను కథ ఒకే త్రోవను పోవును. ఐదు దృశ్యములైన తరువాత పెండ్లివారు వచ్చిననాడు, చూపియున్నచో తల్లి కాఫీ గ్లాసులు పట్టుకొని గడపలోనే నిలుచును. దాచియున్నచో గ్లాసులు అందించి లోనికి పోవును. వ్రాయవలసినవి ఆఱు వాక్యములు. వానికి మాకు పదునొకండు దినములు పట్టినవి. మూడు ముగింపులలో ఒకదాన పెండ్లి జరుగును. ఆ యేట ఆ పల్లెలలో పిల్లలందఱును చదువుకే పోయిరని వ్రాసిన అబద్ధమగును.

పోయినవానిలో మాకు మిక్కిలి కష్టము కలిగించినది ఆటపాక గూడబాతుల వర్ణన. రెండు పుటలు, ఏడు బొమ్మలు. కథకు దానితో పని లేదు. పాఱవేయలేదు లెండు, వేఱొక అఱలో దాచితిమి. జపానులో 2000లో చిన్న బృందమొకటి చేసిన ‘త్సుకిహిమే’ అను దృశ్యనవలను వారే మరల చేసి 2021లో తెచ్చినపుడు, మొదట ఐదుగురు నాయికలకు ఐదు త్రోవలుండగా, రెంటిని మాత్రము ముందు విడిచిరి. అంతటివారే కోసికొనగా మా గూడబాతులెంత?

భాష సంగతి ఇంకను తెమలలేదు. చేపలామె వారమునకు రెండుమాఱులు వచ్చి, అరుగుమీద కూర్చుండి మాటలు దిద్దుచున్నది. కూలి అడుగదు, కాఫీలో చక్కెర మాత్రము మఱికొంచెము కావలెననును.

నిన్నటి మధ్యాహ్నము అత్తగారు క్రొత్త ప్రతి ముందు కూర్చుండిరి. మొదటి ఎంపిక వచ్చినది: అమ్మకు చూపించు, డబ్బాలో దాచు. వ్రేలు ఎత్తి చాలసేపు అట్లే ఉండిరి. ‘ఈసారి వేరేగా అవుతుందా?’ అని అడిగిరి. అగునంటిమి. ‘అయితే ఉండు’ అని లేచి, పెరటిలో ఆరవేసిన మిరపకాయలు తిరుగవేసి వచ్చిరి. దీపము పెట్టువేళవఱకును ఏదియు నొక్కలేదు. కంప్యూటరు ఆర్పవలదనిరి. అట్లే ఉంచితిమి.