ఉక్కు మన హక్కు, మరి బడి?

విశాఖలో ‘పబ్లిక్ స్కూల్’ అంటే ప్రైవేటు స్కూలు. ఈ మాటలో ఏదో తేడా ఉందని మనకెవరికీ తోచదు కూడా. గేటు దగ్గర సెక్యూరిటీ, పసుపు రంగు బస్సు, మెడలో టై, టర్ముకింతని ఫీజు. ఇవన్నీ ఉంటేనే అది పబ్లిక్ స్కూల్. నిజంగా పబ్లిక్‌ది, అంటే జనం డబ్బుతో జనం పిల్లల కోసం నడిచేదానికి వేరే పేర్లున్నాయి: సర్కారు బడి, కార్పొరేషన్ స్కూలు, జెడ్పీ హైస్కూలు. ఆ పేర్లు పలికేటప్పుడు మన గొంతు ఒక మెట్టు దిగుతుంది.

షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఇల్లు కొన్న కూతురు ఎంవీపీ కాలనీలో ఉన్న తల్లికి ఫోన్ చేసిందనుకోండి. మాటలు ఇలా సాగుతాయి.

“స్కూల్ డిస్ట్రిక్ట్ బాగుందనే ఇంత రేటు పెట్టి కొన్నామమ్మా.”

“ఫీజెంతే?”

“ఫీజు లేదమ్మా, పబ్లిక్ స్కూల్ కదా.”

“అదేనే, పబ్లిక్ స్కూలుకి ఫీజెంతని!”

“అబ్బా, గవర్నమెంటు స్కూలమ్మా!”

కాసేపు ఇటు నుంచి మాట ఉండదు. తర్వాత, “పోన్లే, అమెరికాలో కదా.”

ఈ ‘అమెరికాలో కదా’ దగ్గరే నా పేచీ. అక్కడి గాలిలో, నీటిలో ఏదో ఉండబట్టి సర్కారు బడి బాగుంటుందనీ, మన గాలికి అది పాడవుతుందనీ మనం నమ్మేశాం. ఇంతకీ అక్కడ జరిగేదేమిటి? నేపర్‌విల్‌లోని నుక్వా వ్యాలీ హైస్కూల్ పక్కా సర్కారు బడి. ఇల్లినాయ్‌లో బడులకి వచ్చే డబ్బులో పెద్ద వాటా స్థానికుల ఇంటి పన్ను నుంచే వస్తుంది. బడిని నడిపే బోర్డు సభ్యుల్ని ఆ ఊరి వాళ్ళే ఓటేసి ఎన్నుకుంటారు. సంగీతం టీచర్ పోస్టు తీసేస్తామంటే ఆ సాయంత్రం బోర్డు మీటింగుకి వెళ్ళి, మైకు ముందు నిలబడి, ఎందుకు తీసేస్తున్నారని నిలదీయొచ్చు. అక్కడ అలా నిలదీయగలిగిన మనిషే విశాఖలో ఉన్నంతకాలం కార్పొరేషన్ స్కూలు గుమ్మం తొక్కింది ఓటెయ్యడానికే. మన మధ్యతరగతికి సర్కారు బడి అంటే పోలింగ్ బూత్. అయిదేళ్ళకోసారి వేలికి సిరా పూయించుకుని వచ్చేసే చోటు.

అమెరికా బడిని నెత్తిన పెట్టుకోమని అనడం లేదు. ఇంటి పన్నుతో బడి నడిచే చోట ఖరీదైన ఇళ్ళున్న ఊరికి మంచి బడి, పేదల పేటకి బీద బడి వస్తాయి. 1974లో డెట్రాయిట్ కేసులో అక్కడి సుప్రీం కోర్టు, నగరంలోని నల్ల పిల్లల్నీ శివారు ఊళ్ళ తెల్ల పిల్లల్నీ జిల్లా హద్దులు దాటించి ఒకే బడుల్లో కలపాలన్న ప్రణాళికని కొట్టేసింది. మిడ్‌వెస్ట్‌లో మనవాళ్ళు ‘మంచి స్కూల్ డిస్ట్రిక్ట్’ అంటూ కొనుక్కుంటున్నది ఆ హద్దుని కూడా. అక్కడ గోడ ఇంటి ధరలో ఉంటుంది, ఇక్కడ ఫీజులో. తేడా ఒక్కటే. గోడకి అవతల వదిలేసినవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, లోపలున్నవాళ్ళు తమ బడిని వదిలి పోలేదు. అందుకే దాన్ని పాడవనివ్వరు. మనం వదిలి వచ్చేశాం. వచ్చేశాక వెనక్కి తిరిగి, “చూశావా, ఎలా పాడైపోయిందో!” అంటున్నాం.

మనం వచ్చేశాక అక్కడ జరిగినవి వరసగా చెప్పుకుందాం. 2019 నవంబర్‌లో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వు వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని ప్రాథమిక బడుల నుంచి తీసి హైస్కూళ్ళలో కలపడం మొదలుపెట్టారు, 2025లో ఆ ఉత్తర్వుని వెనక్కి తీసుకున్నారు. వెయ్యి సర్కారు బడులకి సీబీఎస్‌ఈ అన్నారు, 2024లో కాదు, మళ్ళీ స్టేట్ సిలబసే అన్నారు. 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ పెద్ద ఎత్తున టీచర్ల నియామకానికి 2025 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి పోస్టులు 16,347. అంటే 2018లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఏడో తరగతి పూర్తిచేసేదాకా.

ఈ నిర్ణయాల్లో కొన్ని మంచివే కావచ్చు. నా ప్రశ్న అది కాదు. మన పిల్లలు చదివే బడిలో ఆరేళ్ళలో మీడియం, సిలబస్, తరగతి గది ఇలా చిత్తానికి మార్చేస్తే ఊరుకునేవాళ్ళమా? బస్సు పావుగంట ఆలస్యమైతే వాట్సాప్ గ్రూపులో యుద్ధం చేస్తామే! మనం ఊరుకున్నది ఆ పిల్లలు మనవాళ్ళు కాదు కాబట్టి. ఇంగ్లీషు మీడియం మీద అంత చర్చ జరిగిందే, అటూ ఇటూ కలం పట్టుకున్నవాళ్ళలో ఎందరి పిల్లలు ఆ బడుల్లో ఉన్నారు? తెలుగు బతకాలని రాసినవాళ్ళ మనవలు ఇంగ్లీషు మీడియంలోనే చదివారు. బతకాల్సిన బరువంతా పేదవాడి పిల్ల మీద పెట్టాం.

మధురవాడ దగ్గర చంద్రంపాలెంలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉంది. రాష్ట్రంలో పిల్లలు కిటకిటలాడే సర్కారు బడుల్లో దానిదీ పేరే. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి తాపీ పనికో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పనికో దిగినవాళ్ళు ఇలాంటి బడినే నమ్ముకుంటారు. ఆ పక్కనే ఐటీ కొండలు. కొండమీద పనిచేసేవాళ్ళకి ఇళ్ళు కట్టేవాడి కూతురు ఒక బడి, ఆ ఇంట్లో ఉండేవాడి కూతురు ఇంకో బడి. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునే అవకాశం ఈ నగరంలో ఎక్కడా లేకుండా చేసుకున్నాం.

ఇది అన్యాయమని ఎప్పుడో చెప్పారు. 1966లో కొఠారీ కమిషన్ తన నివేదికలో, కులం, డబ్బు చూడకుండా ఏ పేట పిల్లలు ఆ పేట బడిలోనే చదివే ఉమ్మడి బడుల వ్యవస్థ కావాలంది. అదే ఏడాది విశాఖ ఉక్కు కోసం రగిలిపోయింది. నవంబర్ 1న ఇక్కడ పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. వీధుల్లోకి వచ్చినవాళ్ళలో విద్యార్థులే ముందున్నారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరిలో శంకుస్థాపన. ఉక్కు వచ్చింది. కొఠారీ బడి రాలేదు, అడిగిన నాథుడూ లేడు.

2021 జనవరిలో కేంద్రం స్టీల్‌ప్లాంటుని నూటికి నూరు శాతం అమ్మేస్తామన్నప్పుడు విశాఖ మళ్ళీ లేచింది. కూర్మన్నపాలెంలో శిబిరం వేసుకుని కార్మికులు కూర్చున్నారు. ఆ పోరాటం న్యాయమైనదే, ఇప్పటికీ అంటాను. కానీ ప్రభుత్వ రంగం ప్రజల ఆస్తి అని అంత గట్టిగా తెలిసిన ఊరు, తన బడిని ఏ కేబినెట్ తీర్మానమూ లేకుండానే, ఒక్కో అడ్మిషన్ ఫారం చొప్పున ప్రైవేటుకి అప్పగించేసింది. దానికోసం ఒక్క బంద్ జరగలేదు.

“నా పిల్లాడి భవిష్యత్తుతో ప్రయోగం చెయ్యమంటారా?” అని అడుగుతారు. న్యాయమైన భయమే. ఏ ఒక్క తల్లీ ఒంటరిగా ఈ బరువు మొయ్యలేదు. ఒక్కరు మాత్రమే తిరిగొస్తే అది త్యాగం, పేటంతా వస్తే అది బడి. కాబట్టి మొదలు పెట్టాల్సింది జనం డబ్బు జీతంగా తీసుకునేవాళ్ళ దగ్గర. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఈ మాటే అంది: అధికారులు, ప్రజాప్రతినిధులు, ఖజానా నుంచి జీతం తీసుకునేవాళ్ళంతా తమ పిల్లల్ని సర్కారు బడిలోనే చదివించాలని. ఉత్తరప్రదేశ్ దాన్ని అమలు చెయ్యలేదు. మనమూ చెయ్యలేదు. కలెక్టరు కూతురో కార్పొరేటర్ కొడుకో చదివే బడిలో లెక్కల టీచర్ పోస్టు ఏడేళ్ళు ఖాళీగా ఉంటుందా?

ప్రభుత్వాలేమో వెళ్ళిపోయేవాళ్ళకి దారి ఖర్చులిస్తున్నాయి. మొదట అమ్మ ఒడి, ఇప్పుడు తల్లికి వందనం. పేరు మారినా, పేద తల్లికిచ్చే ఆ 15,000 ప్రైవేటు బడి పిల్లలకీ వర్తిస్తుంది. తల్లి చేతికి డబ్బు రావడం తప్పని అనను. కానీ ఇందులో ఒక మాట దాగి ఉంది: మా బడి మీద మాకే నమ్మకం లేదు, ఇదుగో డబ్బు, వేరేది చూసుకో.

చట్టం లేదనడానికి వీల్లేదు. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. నేపర్‌విల్ బోర్డు లాంటి మైకు కాగితం మీద మనకీ ఉంది. ఆ మైకు ముందుకి రావాలంటే రోజు కూలి పోగొట్టుకోవాల్సిన తల్లి చేతిలో పెట్టి, మనం తప్పుకున్నాం.

కథలు, కవితలు రాసుకునే మనకీ ఇందులో వాటా ఉంది. పేదవాళ్ళ మీద మంచి కథ రాసి, ఆ పేదవాడి కొడుకు పక్కన మన కొడుకుని కూర్చోబెట్టలేకపోతే, ఆ కథలో మనం ఎక్కడున్నట్టు? ఈసారి ఓటెయ్యడానికి వెళ్ళినప్పుడు సిరా ఆరేదాకా ఆ గదిలో కాసేపు చూడండి. బ్లాక్‌బోర్డు మీద పేరు, బెంచీ మీద గీతలు. మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఎన్ని టీచర్ పోస్టులు ఖాళీ ఉన్నాయో హెడ్మాస్టర్ని అడగండి. జవాబు తీసుకుని మీ కార్పొరేటర్ దగ్గరికి వెళ్ళండి. అమెరికాలో ఉంటే ఈ పనే చేసేవాళ్ళం కదా.