బడి మైదానమున బాలికల పాలు

పోతన భాగవతములోని నరకాసురవధ ఘట్టము మన పిల్లలకు తరతరములుగా చెప్పుచున్న పాఠము. సత్యభామ విల్లెక్కుపెట్టి శత్రుసేనను చెండాడుట విని మురియని విద్యార్థి లేడు. అయినను పాఠము ముగిసి సాయంత్రపు గంట మ్రోగినంతనే మైదానము బాలురదగుచున్నది. బాలికలు పుస్తకముల సంచి తగిలించుకొని ఇంటిదారి పట్టుచున్నారు. కృష్ణా డెల్టాలోని పెక్కు ఊళ్ళలో నేటికిని కానవచ్చు దృశ్యమిది.

ఇచటి ఆడుపిల్లలకు శక్తి కొరవడినదని ఎవ్వరును అనజాలరు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలయందు కాంపౌండు విలువిద్యలో మూడు స్వర్ణపతకములు గెలిచిరి. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో, పదునైదేండ్ల ప్రాయమున, చదరంగమున గ్రాండ్‌మాస్టరు అయిరి. అంత చిన్న వయస్సున ఆ బిరుదమందిన స్త్రీ అప్పటికి లోకమున మరియొకరు లేరు. తల్లియై కొంతకాలము ఆటకు దూరముగానుండి తిరిగివచ్చి, 2019లో మాస్కోలోను 2024లో న్యూయార్కులోను ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచిరి. గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక 2022లో చెన్నై ఒలింపియాడున నిండుచూలాలై యుండియు ఎత్తులు వేసి, భారత మహిళల కాంస్యపతకమున పాలుపంచుకొనిరి. పెండ్లితో ఆడుదాని ఆట సరియను పెద్దలకు ఇంతకన్న ఏమి సమాధానము వలయును?

అయితే ఇందొక విశేషమున్నది. చదరంగమును విలువిద్యయు ఒంటరిగా సాధింపదగిన క్రీడలు. ఒక కుమార్తె, పట్టుదల గల ఒక తండ్రి యున్న చాలును. హంపి తండ్రి ఉద్యోగము విడిచి బిడ్డకు ఆట నేర్పెను. సురేఖ తండ్రి స్వయముగా కబడ్డీ ఆటగాడు. మరి కబడ్డీకి ఏడుగురు కావలెను, ఖోఖోకు తొమ్మండుగురు, హాకీకి పదునొకండుగురు. ఒక తండ్రి సంకల్పము ఇచట చాలదు. అన్ని ఇండ్లవారును సమ్మతింపవలెను. ఆ సమ్మతి పుట్టవలసిన చోటు బడి. కడప జిల్లానుండి వచ్చిన శ్రీచరణి 2025 నవంబరు 2న నవీముంబయిలో ప్రపంచకప్పు గెలిచిన మహిళా క్రికెట్ జట్టులో బంతి విసరగా రాష్ట్రమంతయు హర్షించినది. అట్టి జట్టును ఏ బడి మైదానమున మొలకెత్తించుచున్నామని మనలను మనము ప్రశ్నించుకొనుట మేలు.

స్త్రీ శరీరము ఓర్వజాలదను మాట మనకే పరిమితము కాదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సున స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తగా, అది వారికి మించిన శ్రమయని తలచి నిర్వాహకులు ఆ పందెమునే తొలగించిరి. 1960లో రోము క్రీడలవరకు అది మరల రాలేదు. బరువులెత్తు పోటీ పురుషులకు 1896లోనే యున్నది. స్త్రీలకు 2000లో గాని దొరకలేదు. మన శ్రీకాకుళపు కరణం మల్లీశ్వరి 1994లోను 1995లోను ప్రపంచ విజేత. కాని 1996 అట్లాంటా ఒలింపిక్సున ఆమెకు ఎత్తుటకు బరువే లేదు! నాలుగేండ్లకు సిడ్నీలో తలుపు తెరచినంతనే 240 కిలోలెత్తి కాంస్యము గైకొనిరి. ఒలింపిక్ పతకమందిన తొలి భారతస్త్రీ ఆమెయే. ఆ మూసిన తలుపు వెనుక ఎందరి యౌవనము గడచిపోయెనో!

ధనము విషయమునను మార్పు నెమ్మదిగానే వచ్చుచున్నది. క్రికెట్టున మ్యాచి రుసుము స్త్రీపురుషులకు సమానమని భారత బోర్డు 2022లో ప్రకటించెను. కండబలముతో పనిలేని చదరంగమున మాత్రము, 2024లో న్యూయార్కున బహిరంగ విభాగపు విజేతకు 90,000 డాలర్లు, హంపికి 60,000. వారికి పదమూడు ఆటలు, వీరికి పదునొకండు అని సమర్థించువారు కలరు. ఆ లెక్క సరిపోదని గణితపు పంతుళ్ళకు చెప్పనక్కరలేదు.

డెల్టావాసులకు ఇట్టి మార్పు క్రొత్త గాదు. కూచిపూడి రంగస్థలము ఒకప్పుడు స్త్రీలకు నిషిద్ధము. సత్యభామ వేషమును సైతము వేదాంతం సత్యనారాయణశర్మ వంటి పురుషులే ధరించిరి. ఎంత సొగసుగా ధరించిరన్నది వేరు మాట. వెంపటి చినసత్యం మదరాసున బాలికలకు ఆ విద్య నేర్పగా, నేడు కూచిపూడి నర్తకులలో స్త్రీలే అధికులు. కళ యేమియు చెడలేదు.

పన్నెండు పదమూడేండ్లు వచ్చుసరికి తల్లులు బాలికను మైదానమునుండి వెనుకకు పిలుతురు. వారిని నిందించి ప్రయోజనము లేదు. దుస్తులు మార్చుకొనుటకు గది, శుభ్రమైన మరుగుదొడ్డి, వ్యాయామమునకు ఉపాధ్యాయిని, చీకటిపడక ముందే ఇల్లు చేరు వీలు, ఇవి యున్నచో సగము భయము తీరును. వీనిలో మొదటి మూడింటికి ప్రభుత్వము ధనమీయవలెను. నాలుగవది ప్రధానోపాధ్యాయుని చేతిలోనిదే. పోటీలకు వారము ముందు హడావిడిగా బాలికల జట్టును కూర్చుట మాని, వచ్చు జూనున కాలపట్టిక వ్రాయునపుడే వారమున మూడు సాయంత్రములు మైదానము బాలికలదని వ్రాసి గోడకు అంటింపవచ్చును. బాలురు కొన్నాళ్ళు గొణుగుదురు. ఆ మూడు దినములును వారికి ఖోఖో గీతలు గీయు పని ఒప్పగింపుడు.