పంచాంగానికి ఆడిట్ లేదు

ఉగాది నాడు గుళ్ళలోనూ టీవీల్లోనూ పంచాంగ శ్రవణం జరుగుతుంది. ప్రభుత్వాలు కూడా అధికారికంగా ఏర్పాటు చేస్తాయి, ముఖ్యమంత్రులు ఎదురుగా కూర్చుని వింటారు. రాజెవరు, మంత్రెవరు, వానలెలా ఉంటాయి అన్నీ అయ్యాక "ప్రజలకు రోగభయం ఉంది" అంటారు సిద్ధాంతి గారు. ఏ రోగం? ఏ ఊళ్ళో? ఏ నెలలో? అడిగేవాడు లేడు. ఇంత పెద్ద దేశంలో ఏటా ఏదో ఒక రోగం రాక మానదు కనుక ఆ జోస్యం తప్పదు. తప్పడానికి వీలే లేని మాటకి విలువ ఏముంటుంది?

ఇన్‌ఫ్లుయెంజా అనే పేరూ ఇలాంటి నమ్మకం నుంచే పుట్టింది. ఇటాలియన్ భాషలో ఆ మాటకి "ప్రభావం" అని అర్థం. నక్షత్రాల ప్రభావం వల్లే ఈ జ్వరం వస్తుందని ఒకప్పుడు యూరప్ వాళ్ళూ అనుకున్నారు. 1933లో లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లైడ్‌లా అనే శాస్త్రవేత్తలు మనుషుల్లోని ఫ్లూ వైరస్‌ని వేరుచేసి చూపారు. నక్షత్రాల మీద కేసు కొట్టివేయబడింది. పేరు మాత్రం మిగిలింది.

ఆ తర్వాత వాళ్ళు చేసిన పని లెక్క రాయడం. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ నిఘా వ్యవస్థని ప్రారంభించింది. ఇప్పుడు 120కి పైగా దేశాల ప్రయోగశాలలు అందులో ఉన్నాయి. మన పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ వాటిలో ఒకటి. దగ్గు, జ్వరంతో వచ్చినవాళ్ళ ముక్కు, గొంతు నుంచి నమూనాలు తీస్తారు. ఎన్ని పరీక్షించారు, ఎన్నింటిలో వైరస్ దొరికింది, అది ఏ రకం అన్న వివరాలు వారం వారం "ఫ్లూనెట్"లో చేరతాయి. ఎవరైనా చూడవచ్చు, దక్షిణ ఇవ్వక్కర్లేదు. రక్షణ శాఖ పద్దులు చూసిన నాకు ఇందులో నచ్చేది మొదటి అంకె. వందమందికి ఫ్లూ ఉందంటే సరిపోదు. ఎంతమందిని పరీక్షిస్తే వంద అన్నది తెలియాలి.

ఈ లెక్కలు ఏం చెప్పాయి? శ్రీనగర్‌లో ఫ్లూ చలికాలంలో ఎక్కువ. ఢిల్లీ, పూణేల్లో వానాకాలంలో. చెన్నై, వెల్లూరుల్లో ఈశాన్య రుతుపవనాల వేళ. గ్రహాలు ఈ ఊళ్ళన్నిటికీ ఒకటే కదా, మరి రోగం వేర్వేరు నెలల్లో ఎందుకొస్తోంది? ఇది ఉత్త వాదన కాదు. టీకా రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అమెరికాని చూసి అక్టోబర్‌లో టీకా వేయించుకున్న పూణే పెద్దాయనకి, వానలు మొదలయ్యేసరికి ఆ రక్షణ పలచబడి ఉంటుంది. ఆయనకి కావలసింది వానలకు ముందు టీకా. ఆ సంగతి చెప్పింది ప్రయోగశాల, పంచాంగం కాదు.

"సైన్సు మాత్రం తప్పదా?" అంటారు. తప్పుతుంది. 2014-15 చలికాలంలో హెచ్3ఎన్2 వైరస్ మారిపోవడంతో అమెరికాలో టీకా ప్రభావం 19 శాతానికి పడిపోయింది. ఆ సంగతి బయటపెట్టిందెవరు? అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థే. అలాగే బి/యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా నిర్ధారణ కాలేదు. ఏళ్ళ తరబడి వెతికి, దొరకలేదని తేలాక, ఇక టీకాలో అది అవసరం లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. సున్నాని కూడా వారం వారం రాసుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది.

పంచాంగంలోనూ ప్రతి రాశికీ ఆదాయం, వ్యయం అని రెండు అంకెలుంటాయి. ఏడాది చివర ముగింపు నిల్వ సరిచూసిన సిద్ధాంతిని ఒక్కరిని చూపించండి!

శాస్త్రీయ దృక్పథం పెంపొందించడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ(హెచ్) అధికరణం చెబుతోంది. అందుచేత నా కోరికలు రెండే. జిల్లాలవారీగా ఎన్ని నమూనాలు పరీక్షించారో, ఎన్నింటిలో ఏ వైరస్ దొరికిందో ప్రభుత్వాలు వారం వారం తెలుగులో పత్రికలకి ఇవ్వాలి. ఇక ఉగాది వేదిక మీద రోగభయం చెప్పేవారు ఏ రోగమో, ఏ జిల్లాలోనో, ఏ నెలలోనో సంతకం పెట్టి రాసివ్వాలి. మరుసటి ఉగాదికి అదే వేదిక మీద ఆ కాగితం తీసి చదువుదాం.