పులి చంపిన ఆవుకు ఆ సాయంత్రమే లెక్క కట్టాలి

పెంచికలపేట, బెజ్జూరు అడవుల్లో పులి బతుకుతుందా చస్తుందా అన్నది హైదరాబాద్‌లో జరిగే సమావేశాల్లో తేలదు. ఆవు పోయిన రైతు ఆ రాత్రి ఏం చేస్తాడన్న దాన్నిబట్టి తేలుతుంది. పశువైద్యుడిగా నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ప్రాణహిత ఒడ్డు మండలాల్లోనే గడిచింది. రిటైరై ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులుల గురించి ఎప్పుడు చర్చ జరిగినా అటవీశాఖ ఒక వైపు, ఆదివాసీ సంఘాలు ఒక వైపు నిలబడతాయి. చచ్చిన ఆవు పక్కన నిలబడ్డ మనిషి మాట మాత్రం వినబడదు. ఆయన తరఫున ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పులి పశువును చంపితే పరిహారానికి పశువైద్యుడి ధ్రువపత్రం కావాలి. కొట్టింది పులా, చిరుతా, రేచుకుక్కలా అన్నది మేం చెప్పాలి. గొంతు దగ్గర చర్మం ఒలిచి చూస్తే కోరలు దిగిన లోతు, లోపల గడ్డకట్టిన నెత్తురు కనబడతాయి. పులి మామూలుగా వెనక తొడల దగ్గర తినడం మొదలుపెడుతుంది, చిరుత పొట్ట వైపు నుంచి. పక్కన తడిమట్టిలో పాదముద్ర దొరికితే అనుమానం తీరిపోతుంది. అసలు కష్టం ఆ తర్వాతే. కళేబరాన్ని అక్కడే వదిలేయమని రైతుకు చెప్పాలి. పులి ఒక్క పూటలో తినేసి పోదు, రెండు మూడు రోజులు మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ తిండి దానికి దక్కకపోతే ఇంకో మందలో ఇంకో పశువు మీద పడుతుంది. ఇదంతా చెప్పినప్పుడు ఒక కొలాం పెద్దమనిషి నన్ను అడిగిన మాట నాకింకా గుర్తే: "డాక్టర్ సాబ్, నా ఎద్దును దానికి అప్పజెప్పి నేను ఇంటికి పోవాల్నా? మరి రేపు అరక ఎవలు గుంజుతరు?"

ఆ ప్రశ్నకు జవాబు మన కాగితాల్లో లేదు. ఈ పల్లెల్లో ఆవును సాకేది పాల కోసం కాదు. ఎద్దును కంటుంది, పేడ చేనుకు ఎరువవుతుంది. జోడెడ్లలో ఒకటి పోతే రెండోది ఉన్నా అరక కదలదు. మృగశిర వానలకు అరక లేని ఇల్లు అప్పుకన్నా పోవాలి, కిరాయి ఎడ్లకన్నా పోవాలి. అదను తప్పితే ఆ ఏడాది పంటే తప్పిపోతుంది. పశువు వయసు, బరువు చూసి ధర వేస్తే ఈ నష్టం అందులో ఎక్కడా పడదు. పైగా పశువు అడవి లోపల పోయిందా, చేను గట్టున పోయిందా అన్న ప్రశ్న. పంచనామా, ఫొటోలు, సంతకాలు అన్నీ అయ్యాక కూడా డబ్బు కోసం నెలల తరబడి ఎదురుచూసిన ఇళ్లు నాకు తెలుసు.

పులి అక్కడెందుకు ఉందో కూడా చెప్పుకోవాలి. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయ్యే చోటికి ఎగువన, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో తాడోబా అడవి ఉంది. అక్కడ పులులు నిండుగా ఉన్నాయి. ఎదిగిన పిల్లలకు తల్లి దగ్గర చోటుండదు. తమకంటూ ఒక అడవిని వెతుక్కుంటూ అవి దక్షిణానికి దిగుతాయి, నది దాటి సిర్పూర్, బెజ్జూరు, కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తాయి. ఇటు తెలంగాణ వైపు కవ్వాల్‌ను టైగర్ రిజర్వ్‌గా ప్రకటించింది 2012లో. సుమారు 893 చదరపు కిలోమీటర్ల కోర్, దాని చుట్టూ అంతకంటే పెద్ద బఫర్. అయినా 2022 దేశవ్యాప్త లెక్కల్లో కవ్వాల్ లోపల పులి తేలలేదు. రిజర్వ్ బయట, కాగజ్‌నగర్ డివిజన్‌లో మాత్రం పులులు కాపురం పెట్టాయి. పదేళ్ల కింద నది దాటి వచ్చిన ఫాల్గుణ అనే ఆడపులి ఇక్కడే పిల్లలను పెట్టింది. 2024 చలికాలంలో జానీ అని పేరుపెట్టిన మగపులి తోడు కోసం వెతుకుతూ ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాలను చుట్టివచ్చింది. అంటే పులి అసలు బతుకుతున్న చోటుకు కంచె లేదు, గేటు లేదు. అక్కడ గూడేలున్నాయి, పత్తి చేన్లున్నాయి, జాతీయ రహదారి ఉంది, కాజీపేట–బల్లార్షా రైలు పట్టాలున్నాయి.

పత్తి సంగతి ఇక్కడ చాలా ముఖ్యం. పత్తి ఏరుడు జోరందుకునేది నవంబర్‌లో. పులులు తావు కోసం, తోడు కోసం ఎక్కువగా తిరిగేదీ ఆ చలి నెలల్లోనే. నడుము దాటి ఎదిగిన చేనులో వంగి ఏరుతున్న మనిషి పులి కంటికి మనిషిలా కనబడదు. 2020 నవంబర్‌లో దహెగాం, పెంచికలపేట మండలాల్లో ఇద్దరిని పులి చంపింది. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరడానికి పోయిన ఒక యువతి ప్రాణం పోయింది. ఆ తర్వాత కూలీలకు తల వెనక తగిలించుకునే ముఖం బొమ్మలు పంచారు, పొద్దెక్కాక చేనుకు పోయి పొద్దు గూకకముందే గుంపుగా ఇంటికి రమ్మన్నారు. మంచి సలహాలే. కానీ కిలో లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్లకు రోజులో రెండు మూడు గంటలు తగ్గితే ఎంత పోతుందో ఎవరూ లెక్క కట్టలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే గడ్చిరోలి వైపు నుంచి నది దాటి వచ్చిన ఏనుగు రెండు రోజుల్లో ఇద్దరు రైతులను పొట్టన పెట్టుకుంది. ఏనుగును ఎన్నడూ ఎరుగని ఊళ్లవి.

పత్తి పండించే ప్రతి ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉంటుంది. కడుపు మండిన మనిషికి అది చేతికందేంత దూరంలోనే ఉంటుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ మండలం దరిగాం అడవిలో రోజుల తేడాతో రెండు పులులు చనిపోయాయి. వాటిలో ఒకటైనా విషం కలిపిన పశువు కళేబరం తినే పోయిందని తేలింది. 2025 మేలో పెంచికలపేట మండలంలో కే-8 అనే ఆడపులి కరెంటు తీగకు బలైంది. ఈ పనులను నేను సమర్థించను. చేసినవాళ్లకు శిక్ష పడాల్సిందే. కానీ జైలు భయం ఒక్కటే పులిని కాపాడుతుందంటే నమ్మను. రాత్రి ఆ అడవిలో కళేబరం దగ్గర కాపలా ఎవరూ ఉండరు.

విషం పులితోనే ఆగిపోదు కూడా. పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోట పాలరాపు గుట్ట ఉంది. నది మీదికి నిట్టనిలువుగా లేచిన రాతి గోడ. దాని అరల్లో పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నాయని 2013లో బయటపడింది. పశువులకు నొప్పి తగ్గడానికి వాడే డైక్లోఫెనాక్ కళేబరం ద్వారా రాబందు కడుపులోకి పోయి మూత్రపిండాలను చంపేస్తుందని 2004లో శాస్త్రవేత్తలు తేల్చారు. 2006లో మన దేశం పశువులకు ఆ మందును నిషేధించింది. దాని బదులు మెలోక్సికామ్ వాడుతున్నాం. దేశమంతటా దాదాపు తుడిచిపెట్టుకుపోయిన పక్షి ఆ గుట్ట మీద మిగిలి, రెక్క కొట్టకుండా నది మీద గిరికీలు తిరుగుతుంటే చూసినవాళ్లు మరిచిపోలేరు. ఒక్క ఆవు కళేబరంలో విషం పడితే గుట్ట మీది గూళ్లు ఖాళీ అవుతాయి.

ఇక జీవో 49. తాడోబాకు, కవ్వాల్‌కు నడుమ ఉన్న సుమారు 1.49 లక్షల హెక్టార్లను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటిస్తూ 2025 మే 30న ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు అది. ఆదివాసీలు భగ్గుమన్నారు, బంద్ చేశారు. జులై 21న ప్రభుత్వం జీవోను నిలిపివేసింది. ఈ అడవికి రక్షణ కావాలన్నదే నా మాట కూడా. కరీంనగర్ చుట్టూ గుట్టలను గ్రానైట్ కోసం కోసేశాక ఎలుగుబంట్లు ఊళ్ల మీదికి రావడం చూస్తున్నాను, అక్కడా అదే గతి పట్టకూడదు. కానీ జనం భయపడింది ఊరికే కాదు. పోడు పట్టాల పంపిణీ 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లోనే మొదలైంది. పట్టా చేతికొచ్చి రెండేళ్లయినా కాకముందే అదే నేల మీద ఇంకో పేరుతో ఇంకో గీత. కవ్వాల్ కోర్ నుంచి రాంపూర్, మైసంపేట ఊళ్లను 2024లో బయటికి తరలించారు, ఆ సంగతి ఈ గూడేలన్నిటికీ తెలుసు. కన్జర్వేషన్ రిజర్వ్‌లో ఎవరినీ ఖాళీ చేయించరని అధికారులు అన్నారు. అది ఉత్తర్వు వచ్చాక చెప్పే మాట కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36ఏ సెక్షన్ స్థానిక ప్రజలతో సంప్రదించాకే ఇలాంటి రిజర్వ్‌ను ప్రకటించాలంటుంది. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారం సరేసరి.

జోడేఘాట్‌లో 1940లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమురం భీంను కాల్చి చంపాక నిజాం సర్కారుకే ఆ తిరుగుబాటుకు కారణం తెలుసుకోవాలనిపించింది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. ఆయన మార్లవాయిలో కాపురముండి గోండులను అడిగాడు, విన్నాడు, భూములకు పట్టాలు ఇవ్వాలన్నాడు. అడగడం అంత కష్టమేమీ కాదు. ప్రాణహితకు ఆవలి గట్టున గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖ అనే గోండు పల్లెకు 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు దక్కింది. వెదురు తామే నరికి అమ్ముకుంటున్నారు, అడవినీ తామే కాస్తున్నారు. ఇటు గట్టున ఎన్ని ఊళ్లు అలా కాయగలవో అడిగి చూడాలి కదా.

డబ్బు విషయంలో కర్ణాటక వైపు చూడవచ్చు. బండీపూర్, నాగరహొళె చుట్టుపక్కల 2015 నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ రైతు ఫోన్ చేయగానే మనిషిని పంపి, దరఖాస్తు తానే నింపి, అది ముందుకు కదిలేదాకా వెంటపడుతోంది. మన దగ్గర దాన్ని సర్కారే చేయవచ్చు. పశువైద్యుడు, బీట్ ఆఫీసర్ కళేబరం దగ్గరే ఫోన్‌లో ఫొటోతో నివేదిక పంపితే, సగం డబ్బు ఆ సాయంత్రానికే రైతు ఖాతాలో పడాలి. మిగతా సగం విచారణ తర్వాత ఇవ్వండి. దుక్కి ఎద్దుకు విడిగా ధర కట్టండి, జోడు కుదిరేదాకా అరక కిరాయి కూడా అందులో కలపండి. పులి కోసం వచ్చే పర్యాటకుల టిక్కెట్ల లెక్క వేసేవాళ్లకు ఈ ఖర్చు పెద్దదేమీ కాదు.

జీవో నిలిచి ఉన్న ఈ వ్యవధిలోనే, పత్తి ఏరుడు మొదలయ్యేలోపు, బెజ్జూరు, పెంచికలపేట, దహెగాం, వాంకిడి మండలాల్లో ఊరూరా గ్రామసభ పెట్టండి. గోండీ, కొలామీ మాట్లాడగలిగే మనిషిని వెంట తీసుకుపోండి. సరిహద్దుల పటం గోడకు అంటించి ఏ వాగు ఎటు వస్తుందో, ఎవరి చెలక ఏ వైపు పడుతుందో వేలు పెట్టి చూపించండి. అటవీ అధికారులు వచ్చేటప్పుడు పరిహారం కోసం పెండింగ్‌లో ఉన్న దరఖాస్తుల కట్ట కూడా తెచ్చి, ఎవరి ఎద్దుకు ఎంత రావాలో సభలోనే చదివి, ఆ డబ్బు అక్కడే ఇచ్చి, ఆ తర్వాత రిజర్వ్ సంగతి ఎత్తండి.